అగ్గిపుల్లలో వద్దన్నది ట్యూబులో ముద్దా?

తెల్ల భాస్వరంతో చేసిన అగ్గిపుల్లల తయారీని, దిగుమతిని, అమ్మకాన్ని నిషేధిస్తూ 1913లో ఈ దేశంలో చట్టం వచ్చింది. చేసింది తెల్లదొరలు. అంతకు ఏడేళ్ల ముందే, అగ్గిపెట్టెల కార్ఖానాల్లో కూలీల దవడ ఎముకలు కుళ్లిపోతున్నాయని యూరప్ దేశాలు బెర్న్‌లో ఒప్పందం రాసుకున్నాయి. ఆ తెల్ల భాస్వరానికి కొద్దిపాటి మలినాలు కలిస్తే అదే పసుపు భాస్వరం. దాన్నే 3 శాతం కలిపి, టూత్‌పేస్టులా ట్యూబులో నింపి, ఎలుకల మందని అమ్ముతున్నారు. ఈ పేస్టును దేశమంతటా, శాశ్వతంగా నిషేధించాలి. ఇందులో ఇంకా చర్చించడానికేముందో నాకు అర్థం కాదు.

ఈ విషం కాలేయాన్ని దెబ్బతీసే తీరే మోసపూరితం. మొదటి రోజు వాంతులు, కడుపునొప్పి. తర్వాత ఒకటి రెండు రోజులు మనిషి తేరుకున్నట్టే ఉంటాడు. గండం గడిచిందనుకుని ఇంటివాళ్లు డిశ్చార్జి చేయమంటారు. లోపల కాలేయ కణాలు చచ్చిపోతూనే ఉంటాయి. ఆపైన కళ్లు పచ్చబడతాయి, రక్తం గడ్డకట్టడం మానేస్తుంది, మాట తడబడి స్పృహ తప్పుతుంది. దీనికి విరుగుడు లేదు. వేలూరు సీఎంసీ వైద్యులు ప్లాస్మా మార్పిడితో కొందరిని గట్టెక్కించే ప్రయత్నం చేస్తున్నారు. అదీ పనిచేయకపోతే కాలేయ మార్పిడి ఒక్కటే దారి. అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించుకుని అవయవం కోసం ఎదురుచూసే వ్యవధి ఈ రోగికి ఉండదు. అందుకే ఏమాత్రం నోట్లోకి పోయినా, మనిషి కులాసాగా కనిపించినా సరే, వెంటనే ఆసుపత్రిలో చేర్చి కొన్ని రోజులపాటు కాలేయ పరీక్షలు చేయిస్తూనే ఉండాలి. పళ్లు తోముకునే పేస్టనుకుని నోట్లో పెట్టుకున్న పిల్లల ఉదంతాలూ వైద్య పత్రికల్లో ఉన్నాయి.

ఇంత తెలిసీ, ఆత్మహత్యలకు ఈ పేస్టు చేతికందుతోందని తెలిసీ మన దగ్గర వినిపించే వాదన ఒక్కటే: ‘ఇది ఆపితే ఇంకోటి తాగుతారు, కావలసింది కౌన్సెలింగ్.’ కౌన్సెలింగ్ కావాలి, కాదన్నదెవరు? మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416 ప్రతి బడి గోడ మీదా ఉండాలి. కానీ ‘ఇంకోటి తాగుతారు’ అన్న మాటను శ్రీలంక ఎప్పుడో అబద్ధం చేసింది. 1995 నుంచి అత్యంత ప్రమాదకరమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధిస్తే, రెండు దశాబ్దాల్లో అక్కడి ఆత్మహత్యల రేటు 70 శాతం మేర పడిపోయింది. దాదాపు 93 వేల ప్రాణాలు దక్కాయని పరిశోధకుల అంచనా. క్షణికావేశంలో చేతికి అందేది ప్రాణాంతకం కాకపోతే మనిషి బతుకుతాడు. బతికినవారిలో ఎక్కువమంది మళ్లీ ఆ ప్రయత్నం చేయరు.

ఎలుకల బెడద నిజమే. ధాన్యం బస్తా కొరికితే ఆ నష్టం ఎంతో ఇల్లాలికి తెలుసు. అయితే బోనులున్నాయి. రక్తం గడ్డకట్టకుండా చేసే బ్రోమడయోలోన్ బిళ్లలున్నాయి. పొరపాటున అవి మింగినా విటమిన్-కె విరుగుడుగా పనిచేస్తుంది. విరుగుడున్న మందు దొరుకుతుండగా, విరుగుడే లేనిదాన్ని ఇంట్లో పెట్టుకోమనడం ఏ లెక్కన?

తమిళనాడు ఈ పేస్టును నిషేధించింది, మంచిదే. ఒక రాష్ట్రం ఆపితే సరుకు సరిహద్దు దాటి రావడం ఎంతసేపు? 1968 పురుగుమందుల చట్టంలోని 27వ సెక్షన్ కింద రాష్ట్రాలు అమ్మకం ఆపగలిగేది 60 రోజులు, మహా అయితే ఇంకో 30. తొంభై రోజులకే ముగిసిపోయే నిషేధం ఎవరిని కాపాడుతుంది? జాతీయ నేర గణాంకాల సంస్థ (ఎన్‌సీఆర్‌బీ) ఆత్మహత్యల పట్టికలు తిరగేస్తే ‘పురుగుమందు’, ‘ఇతర విషం’ అని రెండు గడులు కనిపిస్తాయి. ఏ రసాయనం ఎంతమందిని చంపిందో అందులో ఉండదు. లెక్కే లేనప్పుడు ‘ఆధారాలు చాలవు’ అనడం అధికారులకు ఎంత సులువో!

1913లో అగ్గిపుల్ల గురించి అడిగిన ప్రశ్న ఒక్కటే: ఇది లేకుండా పని జరుగుతుందా? జరుగుతుందని తేలింది, ఆపేశారు. ఓటు లేని కూలీ దవడ కోసం పరాయి పాలకులు చేసిన ఆ పని, ఓటున్న పౌరుడి కాలేయం కోసం మన పాలకులు చేయలేకపోతున్నారు. కేంద్ర వ్యవసాయ శాఖకు ఇంకో నిపుణుల కమిటీ అక్కర్లేదు. నిషేధ నోటిఫికేషన్ ఒక్క పేజీ చాలు. అది ఏ తేదీకి వెలువడుతుందో మంత్రి పార్లమెంటులో చెప్పాలి.