పండగ దాటాకా గుమ్మడి వండాలి

సంక్రాంతి రోజుల్లో చాలా తెలుగు ఇళ్లలో గుమ్మడికాయ ముక్కలు పడనిదే దప్పళం పొయ్యి దిగదు. పండగ వెళ్లగానే ఆ కాయను మరిచిపోవడమే అన్యాయం.

100 గ్రాముల పచ్చి తియ్యగుమ్మడిలో ఉండేది దాదాపు 26 కేలరీలే. 90 శాతానికి పైగా నీరే. ఆ నారింజ రంగు బీటా కెరోటిన్‌ది. శరీరం దాన్ని విటమిన్ ఎగా మార్చుకుంటుంది. రేచీకటి రాకుండా కాపాడేది ఆ విటమినే. అయితే కాస్త కొవ్వు తోడైతేనే బీటా కెరోటిన్ ఒంటికి బాగా పడుతుంది. అంటే ఆవాలు, ఎండుమిర్చి వేసిన నూనె పోపు రుచి కోసమే కాదన్నమాట. బెల్లం పెట్టిన కూర చాలామందికి ఇష్టం. కాయలోనే తీపి ఉంది కనుక బెల్లం తగ్గించినా లోటుండదు. ఆవపెట్టి వండితే అసలు బెల్లం అవసరమే రాదు.

గింజల్ని చెత్తబుట్టలో వేయడం మరీ బాధాకరం. కడిగి, ఎండబెట్టి, దోరగా వేయిస్తే మాంసకృత్తులు, మెగ్నీషియం, జింక్ ఉన్న చిరుతిండి సిద్ధం. వాటినే జనం దుకాణాల్లో ప్యాకెట్ల లెక్కన కొంటున్నారు!

ముదిరిన కాయను తొడిమతో కోసి, గాలి తగిలే చోట పెడితే ఫ్రిజ్ లేకుండానే నెలల తరబడి ఉంటుంది. అందుకే బడుల్లో, అంగన్‌వాడీల్లో పిల్లలకు పెట్టే సాంబారులో వారానికి ఒక్కరోజైనా ఈ ముక్కలు ఉడకాలి.