అడవి కోడి మేత ఎవరు మాయం చేశారు?

ఈమధ్య మా ఊళ్లో మీటింగు పెట్టిన ఒక అధికారి, "మీ పోడు వల్లే అడవి కోడి కనపడకుండా పోతోంది" అన్నాడు. మేం నవ్వలేదు. నవ్వినా కేసు పెట్టగలిగిన మనిషి. కానీ ఆ మాటను అలాగే వదిలేస్తే రేపు అది కాగితం మీదికి ఎక్కుతుంది, ఎల్లుండి మా చేలో కందకం తవ్వే మిషను దిగుతుంది. అందుకే రాస్తున్నాం.

అడవి కోడి చెట్టు మీద పడుకుంటుంది, నేల మీద తింటుంది. తెల్లారుతుండగానే దిగి ఎండ ముదిరేదాకా, మళ్లీ పొద్దు వాలాక, రాలిన ఆకును కాళ్లతో వెనక్కి చిమ్ముకుంటూ తిరుగుతుంది. దాని బువ్వంతా ఆ ఆకు కిందే ఉంది. గడ్డి గింజలు, రాలిన రేగు, పరికి, మర్రి, మేడి పళ్లు, లేత చిగుళ్లు, మిడతలు, పురుగులు. అన్నిటికన్నా చెదలంటే ప్రాణం. పిల్లలు పొదిగిన కొత్తలో పురుగే వాటికి పాలు. చెదలు దొరికితే తల్లి కుక్ కుక్ అని పిలుస్తుంది, పిల్లలన్నీ పరుగెత్తుకొస్తాయి. మా పెరట్లో కోడీ ఇదే చేస్తుంది. చెయ్యకేం, ఇది దాని మనవరాలే కదా! పశువులు మేసిన చోట పేడను కూడా కెలికి, అరగని గింజను, పేడ పురుగును ఏరుకుంటుంది. తిన్న గింజ కందనకాయలో నలగడానికి చిన్న రాళ్లు మింగుతుంది.

ముప్పై నలభై ఏళ్లకోసారి వెదురు పూస్తుంది. గింజ రాలినప్పుడు ఎక్కడెక్కడి అడవి కోళ్లూ అక్కడికి చేరతాయి. మేమూ చేరతాం, వెదురు బియ్యానికి. కరువులో మా పెద్దల కడుపు నింపింది అదే. అంటే ఆ కోడీ మేమూ ఒకే నేల మీద ఏరుకుని తిన్నవాళ్లం. గోదావరికి ఉత్తరాన ఎర్ర కోడి, దక్షిణాన బూడిద రంగు కోడి అని పుస్తకాలు రాస్తాయి. మేత విషయంలో రెండింటికీ పెద్ద తేడా లేదు.

మరి ఆ వెదురు ఏమైంది? కాగితం మిల్లులకు పోయింది. ఆ నేలలో ఏం వచ్చింది? జామాయిల్. వరసలు వరసలుగా, కొలత వేసినట్టు. జామాయిల్ తోటలోకి వెళ్లి చూడండి. పండు లేదు, ఏరుకోవడానికి గింజ లేదు, ఉన్న గింజ దుమ్ములా ఉంటుంది. ఆకు తొందరగా కుళ్లదు, దాని కింద పురుగూ అంతంతే. పొద లేదు, గద్ద వస్తే దూరడానికి చోటు లేదు. దాన్ని కూడా లెక్కల్లో అడవి అనే రాస్తారు. 2016లో వనీకరణ నిధి చట్టం వచ్చాక, ఎక్కడో గనికో డ్యాముకో పోయిన అడవికి బదులంటూ మా పోడు భూముల్లోనే మొక్కలు నాటడానికి వస్తున్నారు.

మా పోడు సంగతి కూడా చెప్తాం. సామ, కొర్ర, జొన్న, కంది కలిపి చల్లుతాం. కోత అయ్యాక రాలిన గింజకు తెల్లారేసరికి అడవి కోళ్లు చేను అంచుకు వస్తాయి. కొన్నేళ్లు వదిలేసిన చేలో పొదలు లేస్తాయి, రేగు కాస్తుంది, పుట్టలు పెరుగుతాయి. ఆ కోడికి కావలసింది సరిగ్గా అదే, పక్కన పొద, ముందు మేత. ఇప్పుడు చేను వదిలెయ్యడానికి మాకు భయం. వదిలితే మర్నాడే అందులో గుంటలు తీస్తారు. అలా నేలకు ఊపిరి లేకుండా చేసిందెవరు?

మా తప్పు లేదని అనం. ఉచ్చు పెట్టేవాళ్లు మాలో ఉన్నారు. ఇప్పపువ్వు ఏరడానికి ఎండాకాలం చెట్టు కింద పెట్టిన మంట దాటిపోతే, సరిగ్గా గుడ్లు పెట్టే కాలంలో గూళ్లు కాలిపోతాయి. దాని మేత కూడా ఆ ఆకుతోనే కాలుతుంది. మంట పెట్టకుండా ఊడ్చి ఏరుకుందామని మా ఆడవాళ్లు ఎప్పటినుంచో అంటున్నారు, మగవాళ్లం వినాలి. వేటకు 1972 చట్టం ఒప్పుకోదు, 2006 అటవీ హక్కుల చట్టం కూడా వేట హక్కు ఇవ్వలేదు. తెలుసు. కానీ అదే 2006 చట్టం అడవినీ అందులో జీవాల్నీ కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది. ఆ పేజీ మాత్రం మీటింగులో ఎవరూ చదవరు.

మేం అడిగేది ఇంతే. మా గ్రామసభ ఒప్పుకోకుండా ఒక్క మొక్క నాటొద్దు. నాటితే వెదురు, రేగు, మేడి, మర్రి నాటండి. కోడిని లెక్కపెట్టే ముందు దాని మేతను లెక్కపెట్టండి, ఆ పనికి మా ముసలమ్మల్ని వెంట తీసుకెళ్లండి. ఆ అధికారి మళ్లీ వస్తే జీపు రోడ్డు మీదే ఆపి, తెల్లవారుజామున మాతో నడవాలి. ముందు మా పాత పోడు అంచుకు, తర్వాత ఆయన జామాయిల్ తోటకు. కోడి కాళ్లు చిమ్మిన ఆకు ఏ చోట కనపడుతుందో ఆయనే చూపించాలి.