కట్టుబడి బంట్రోతుల భూమి ఏమయింది?

2019లో సినిమా వచ్చినప్పటి నుంచి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు తెలియని కుర్రాడు కొమరోలు, గిద్దలూరు పల్లెల్లో లేడు. సంతోషమే. కాని ఆయన వెనక నడిచిన వేలమంది ఎవరు, ఏం పోగొట్టుకుని నడిచారు అని అడిగితే చెప్పేవాళ్ళు తక్కువ. వాళ్ళలో ఎక్కువమంది కట్టుబడి బంట్రోతులు. ఈ సీమలో ఒకప్పటి పల్లె సైన్యం.

నెలనెలా జీతాలిచ్చి సైన్యాన్ని మేపే స్తోమత పాళెగాళ్ళకు లేదు. అందుకని ఊళ్ళలో బోయలకు, మరికొన్ని కులాల వాళ్ళకు కొంత భూమి మాన్యంగా వదిలేవాళ్ళు. దానికి శిస్తు ఉండదు, ఉన్నా నామమాత్రం. అందుకు బదులు మామూలు రోజుల్లో ఊరి కావలి కాయాలి, దొంగల జాడ తియ్యాలి. పాళెగాడి కబురొస్తే మడక విడిచి కత్తో బల్లెమో పట్టుకుని పోవాలి. వాళ్ళకు ఆ చేనే జీతం, ముసలితనంలో ఆ చేనే పింఛను, రేపు కొడుక్కి ఆ చేనే కొలువు.

అలాగని వాళ్ళను ఆకాశానికెత్తనక్కర్లేదు. శిస్తు బాకీపడ్డ రైతు గడప ముందు కూర్చున్నదీ వీళ్ళే. సెంటు మాన్యం లేని పాలేరు వీపు మీద పడ్డదీ వీళ్ళ కర్రే. దొర చేతి కింద కర్ర పట్టినవాడు ఎవరి బిడ్డయినా చేసేది అదే.

1800లో నిజాం ఈ జిల్లాలను కుంఫిణీకి ధారపోశాడు. మన్రో దొర కలెక్టరుగా వచ్చేటప్పటికి ఇక్కడ 80 మంది పాళెగాళ్ళు, వాళ్ళ కింద సుమారు 30 వేల మంది సాయుధ బంట్రోతులు ఉన్నారని లెక్క. 1807లో మన్రో వెళ్ళిపోయే లోపల పాళెగాళ్ళ బలం విరిగింది. కొందరికి పింఛన్లు పడేశారు. కుంఫిణీకి జీతపు పటాలాలున్నాయి, కట్టుబడుల బల్లేలతో పనేముంది? క్రమంగా, మాన్యందారు చనిపోతే ఆ చేను సర్కారులో కలిపేసుకోవడం మొదలయింది. తండ్రి పాడె లేచిన ఇంట్లోంచే భూమీ లేచిపోయింది.

1846 జూలైలో రాజుకున్న మంట ఇదే. నరసింహారెడ్డికి తన పింఛను తగాదా ఉంది, నెలకు పదకొండు రూపాయల చిల్లర. అయితే ఒక మనిషి పింఛను కోసం వేలమంది ప్రాణాలకు తెగిస్తారా? మాన్యాలు పోయిన, పోబోతున్న కట్టుబడులు వచ్చి చేరారు గనకే అది తిరుగుబాటయింది. కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డారు. మన గిద్దలూరు దగ్గర కుంఫిణీ సైన్యంతో తలపడ్డారు. నల్లమలలోకి తప్పుకున్నారు. అక్టోబరు 6న పేరుసోమల దగ్గర నరసింహారెడ్డి దొరికిపోయాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీశారు. దాదాపు వెయ్యిమంది మీద వారంట్లు పుట్టాయి, 112 మందికి శిక్షలు పడ్డాయి. వాళ్ళ పేర్లతో మన ఊళ్ళలో బొమ్మ లేదు, బడి లేదు.

పాతకాలపు ముచ్చట అనుకునేవాళ్ళు మన పోలీసు స్టేషను ముందు ఎండలో నిలబడ్డ హోంగార్డును చూడాలి. 1962 చైనా యుద్ధం తర్వాత దేశమంతటా ఈ దళాలను పెంచారు. చట్టం దృష్టిలో అతను స్వచ్ఛంద సేవకుడు! చేసేది మాత్రం ఏళ్ళ తరబడి పోలీసు పనే. వాళ్ళ రోజు భత్యం పోలీసు కనీస జీతానికి సరిపోయేలా ఇవ్వమని 2015లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. పర్మినెంటు చెయ్యమని మాత్రం చెప్పలేదు.

మిలిటరీ సంగతి కూడా చూద్దాం. మన మెట్ట పల్లెల్లో వాన నమ్ముకోలేని ఇంటికి పట్టాళం కొలువే ఆధారం. తెల్లారుజామున రోడ్ల మీద పరుగు తీసే కుర్రాళ్ళు ఏ ఊళ్ళో లేరు? 2022 జూన్ 14న కేంద్రం అగ్నిపథ్ ప్రకటించింది. నాలుగేళ్ళ కొలువు, తర్వాత నూటికి 25 మందికి మించి ఉంచుకోరు. మిగిలినవాళ్ళకు 11 లక్షల 71 వేల సేవానిధి, అందులోనూ సగం వాళ్ళ జీతంలో కోసి పోగేసిందే. పింఛను లేదు. ఆ నెల 17న సికింద్రాబాదు స్టేషనులో కుర్రాళ్ళు తిరగబడితే కాల్పుల్లో ఒకరు చనిపోయారు.

పాతికేళ్ళు నిండకముందే తిరిగొచ్చే ఆ కుర్రాడికి ఊళ్ళో ఏముంది? కట్టుబడికి బతికున్నన్నాళ్ళయినా చేను ఉండేది. తుపాకీ పట్టించుకున్న సర్కారు పూర్తి సర్వీసు, పింఛను ఇవ్వాలి. ఊరికొచ్చిన మాజీ అగ్నివీరుడికి సాగుభూమి చూపించాలి. ఈ కోర్కెలు కూలి రేట్ల కోర్కెలతో పాటు మన సంఘాల మహజర్లలో ఇప్పుడే చేరాలి.