ఎలుక వండిన కూర ఎవరిది?

పిల్లలూ, మీలో చాలామంది ‘రాటటూయి’ సినిమా చూసే ఉంటారు. 2007లో పిక్సార్ సంస్థ తీసిన యానిమేషన్ సినిమా ఇది. దర్శకుడు బ్రాడ్ బర్డ్. పారిస్‌లోని గుస్తో రెస్టారెంటులో రెమీ అనే ఎలుక వంట చేస్తుంది. లింగ్వినీ అనే కుర్రాడి టోపీ కింద దాక్కుని, అతని జుట్టు లాగుతూ, అతని చేతులతో వండిస్తుంది. ఎంత నవ్వొస్తుందో కదా!

ఈ సినిమా గురించి అడిగితే అందరూ ఎలుక తెలివినే మెచ్చుకుంటారు. నా అభిప్రాయం వేరు. ఇందులో అన్నిటికంటే గొప్ప వంట రెమీది కాదు, కొన్ని క్షణాలు మాత్రమే కనిపించే ఒక అమ్మది. ఎందుకో చెబుతాను.

ఆంటన్ ఈగో గుర్తున్నాడా? సన్నగా, పొడుగ్గా ఉండే విమర్శకుడు. ఆయన రాసిన విమర్శ వల్ల గుస్తో రెస్టారెంటుకు ఉన్న ఐదు నక్షత్రాల్లో ఒకటి పోయింది. అంతటి మనిషి భోజనానికి వస్తే రెమీ రాటటూయి వండుతానంటుంది. అది పల్లెటూరి కూర కదా అని కొలెట్ ఆశ్చర్యపోతుంది. నిజమే! ఫ్రాన్సు దక్షిణాన, నీస్ ప్రాంతంలో ఇళ్ళలో చేసుకునే మామూలు కూర అది. వంకాయ, టమాటా, క్యాప్సికం, జుకినీ, ఉల్లి, వెల్లుల్లి, ఆలివ్ నూనె, అంతే. మనకు టమాటా పప్పు ఎలాగో వాళ్ళకు అది అలాగ.

ఒక్క ముద్ద నోట్లో పెట్టుకోగానే ఈగోకు చిన్నతనం గుర్తొస్తుంది. ఏడుపు ముఖంతో గుమ్మంలో నిలబడ్డ ఆ పిల్లాడికి వాళ్ళమ్మ ఆ కూరే వడ్డిస్తుంది. ఇక్కడ ఈగో చేతిలోంచి కలం జారిపోతుంది. చూశారా? ఖరీదైన వంటలెన్నో తిన్నవాణ్ణి కదిలించింది అమ్మ చేతి కూర. కానీ ఆ అమ్మ పేరేంటో మనకు ఎవరూ చెప్పరు.

“పొరుగింటి పుల్లకూర రుచి” అని మన సామెత. స్కూల్లో లంచ్ డబ్బా తెరవగానే పక్కవాళ్ళు “అదేం వాసన?” అంటే సిగ్గేస్తుంది. “రేపట్నుంచి శాండ్‌విచ్ పెట్టమ్మా” అంటారు. శాండ్‌విచ్ తినడం తప్పు కాదు. కానీ సిగ్గుపడి ఇంటి వంట వదిలేస్తే మాత్రం నష్టం మీకే.

“రెమీకి పుట్టుకతోనే మంచి ముక్కు ఉంది, మాకెలా వస్తుంది?” అంటారా? కొలెట్ లింగ్వినీకి నేర్పిన పాఠం గుర్తు చేసుకోండి. రొట్టె బాగుందో లేదో దాని పైపెంకు చేసే చప్పుడును బట్టి తెలుస్తుందంటుంది. మన పోపూ అంతే. ఆవాలు చిటపటలాడాకే జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు వేస్తారు. అమ్మమ్మ గడియారం చూడదు, చెవితో వింటుంది. “ఉప్పు ఎంత వేయాలి?” అని అడగండి, “తగినంత” అంటుంది. ఆ ‘తగినంత’ ఎంతో ఏ పుస్తకంలోనూ ఉండదు. ఆమె పక్కన నిలబడి చూస్తేనే తెలుస్తుంది. మనం చూసి నేర్చుకోకపోతే అది ఆమెతోనే పోతుంది.

అందుకే ఈసారి సినిమా అయిపోగానే టీవీ కట్టేసి వంటింట్లోకి వెళ్ళండి. నూనె కాగుతుంటే పెద్దవాళ్ళు పక్కనే ఉండాలి సుమా! అమ్మమ్మో నానమ్మో దూరంగా ఉంటే వీడియో కాల్ చేయండి. వంట నాన్న చేస్తే నాన్ననే అడగండి. మీ ఇంట్లో పోపు అంటారా, తాలింపు అంటారా, తిరగమోత అంటారా? అదీ కనుక్కోండి. ఒక్క కూర నేర్చుకుని, ఎలా చేయాలో తెలుగులో రాయండి. పైన వండినవాళ్ళ పేరు తప్పకుండా పెట్టండి.

నా మాట ఒప్పుకోరా? రెమీయే గొప్ప అంటారా? అయితే ఎందుకో ఐదు వాక్యాల్లో రాయండి, చదువుతాను.