ఎస్టోనియా వేగము, మన భూమి లెక్కలు

14 లక్షలకు లోపడిన జనము గల ఎస్టోనియా నేడు పెద్ద రాజ్యములకు పాఠము చెప్పుచున్నది. 1991లో సోవియట్ కూటమినుండి విడివడిన నాడు కచ్చేరీలను విరివిగా పోషించుటకు దానికి ధనము లేదు. ఆ లేమియే దానిని కంప్యూటరు కడకు నడిపించెను. 2001లో శాఖల దస్తరములను కలుపు 'ఎక్స్‌రోడ్', 2002లో గుర్తింపుకార్డులు, 2005లో ఇంటర్నెట్టు వోటు వెలసినవి. ఒకమారు తెలిపిన వివరమును ప్రభుత్వము మరల నడుగరాదని నియమము. కంపెనీ నెలకొల్పుట గంటల పని. పెట్టుబడిదారులు అటు చూచుటలో వింత యేమి?

కాని ఈ వేగముకంటె ముఖ్యమైనది వేరొకటి గలదు. తన వివరములను ఏ శాఖ యెప్పుడు చూచినదో పౌరుడు తానే తెలిసికొనగలడు. 2017లో సుమారు 7,60,000 కార్డులలో లోపము బయటపడగా ప్రభుత్వము దాచలేదు. వానిని నిలిపివేసి, ఇంటినుండియే సరిదిద్దుకొను వీలు కల్పించెను.

తప్పు నొప్పుకొను నీ గుణమే మన భూమి లెక్కలలో కొఱవడినది. తెలంగాణలో 2020 నాటి ధరణి వేగమునకు తక్కువ కాదు: రిజిస్ట్రేషను, మ్యుటేషను ఒకే నాడు. అయితే రెవెన్యూ కోర్టులను తొలగించిన ఆనాటి చట్టము అప్పీలును మరచెను. సర్వే నంబరు తప్పుపడిన రైతు ఎవరితో మొఱ పెట్టుకొనవలెను? 2025లో భూభారతి చట్టము అప్పీలును మరల తెచ్చినది. ఆ అప్పీళ్లు ఎన్ని దినములలో తీరుచున్నవో ప్రభుత్వము నెలనెలా ప్రకటింపవలెనని కోరుచున్నాము.