విడాకుల కాగితంలో ఆమె వాటా ఏదీ?

మన చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లెల్లో మొగుడూ పెండ్లాం విడిపోవాలంటే మొదట పోయేది రచ్చబండకే. కోర్టు దూరం, లాయరు ఫీజు భయం. పెద్దమనుషులు స్టాంపు కాగితం రాయిస్తారు. ఆమెకు ఇంత రొక్కం, మగబిడ్డ తండ్రికి, ఆడబిడ్డ తల్లికి, ఇకమీదట సంబంధం లేదు, వెయ్యి వేలిముద్ర! ఆమె కూలికిపోయి లేపిన గోడల మాట ఎవురూ ఎత్తరు. మహిళా సంఘంలో ఆమె పేరుతో అప్పు తెచ్చి కొన్న ఆటో ఆయనకు, కంతులు ఆమెకు. ఇదేం పంపకం?

పంచాయితీని తిట్టి ఊరుకుంటే చాలదు. చట్టం కూడా ఇక్కడ చేతులు కట్టుకొనే ఉంది. 1955 హిందూ వివాహ చట్టం 27వ సెక్షను, పెండ్లి సందర్భంలో ఇద్దరికీ కలిపి ఇచ్చిన ఆస్తి గురించే చెబుతుంది. కాపురంలో ఇద్దరూ కష్టపడి కూడబెట్టినదాంట్లో భార్యకు వాటా ఉందని ఎక్కడా లేదు. మొగుని ఇంట్లో, భూమిలో వాటా ఇచ్చే సవరణ 2013లో రాజ్యసభ దాటింది, 2014లో లోక్‌సభ రద్దవడంతో అదీ పోయింది. ఆడవాళ్లకు ఆస్తి, విడాకుల హక్కులు ఇచ్చే హిందూ కోడ్ బిల్లును పక్కన పెట్టినందుకే 1951లో అంబేడ్కర్ మంత్రి పదవిని వదిలేసినాడు. ఆయన పటానికి దండ వేసే మొగోళ్లు ఈ సంగతి సభల్లో ఎందుకెత్తరు?

2023 జూన్‌లో మద్రాసు హైకోర్టు ఒక మాట చెప్పింది. మొగుడు సౌదీలో సంపాదిస్తే భార్య ఇక్కడ ఇల్లు, బిడ్డల్ని చూసుకొంది. ఆ సంపాదనతో కొన్న ఆస్తిలో ఆమెకు సగం అంది. అది విడాకుల కేసు కాదు, మన కోర్టులు తప్పక పాటించాల్సిన తీర్పూ కాదు. అయినా ఇంటి చాకిరీ సంపాదనేనని ఒప్పుకొన్నారు. మన దగ్గర ఆడమనిషే కువైట్ పోయి పంపిన డబ్బుతో మొగుని పేర కొన్న చేన్లున్నాయి. దానికేమంటారు?

బిడ్డల్ని మేకపిల్లల మాదిరి పంచే అధికారం పెద్దమనుషులకు ఎవరిచ్చినారు? 1956 మైనారిటీ, సంరక్షకత్వ చట్టం ప్రకారం అయిదేండ్లలోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాల. ఆ తర్వాత కూడా తండ్రికే అని లేదు, బిడ్డ మేలే ముఖ్యం. అక్కా తమ్ముళ్లను విడదీసినాక బడిలో వాళ్ల మొహాలు చూస్తే ఆ మేలేందో మా అయివార్లకు తెలుస్తాది. తల్లి వేలిముద్ర వేసినంత మాత్రాన బిడ్డకు తండ్రి పెట్టాల్సిన ఖర్చు రద్దు కాదు. (చర్చిలో పెండ్లయినోళ్లకు విడాకుల చట్టం వేరే, 1869 నాటిది.)

ఎస్సీలకు, ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్ని ఇయ్యాలని 1987 లీగల్ సర్వీసెస్ చట్టంలోనే ఉంది. చిత్తూరు కోర్టులో జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగండి. భరణం కేసు, పాత 125, 2024 జూలై నుంచి 144వ సెక్షను, విడాకులు కాకముందే వేయొచ్చు.

2020 డిసెంబరులో శ్రీకాళహస్తి దగ్గర ఊరందూరులో ఇంటి స్థలాల పట్టాలు ఆడవాళ్ల పేరుతో ఇచ్చినారు. అట్లాంటి పట్టా ఇప్పుడు ఎవరి పెట్టెలో ఉంది? కార్యకర్తలు ఇకమీదట పంచాయితీకి పోతే పట్టా, అప్పు పుస్తకం, బిడ్డల బడి సర్టిఫికెట్లు ముందు ఆమె చేతికి ఇప్పించండి. మాటలు ఆ తర్వాత.