రుజువు రోగి తేవాలా?

గత నెలలో ఒక కిరాణా వ్యాపారి నా దగ్గరకు వచ్చారు. చేతిలో మందుల చీటీకి బదులు బీమా సంస్థ పంపిన తిరస్కరణ లేఖ ఉంది. పదేళ్లుగా రక్తపోటు ఉన్న మనిషి. ఒక కంపెనీలో అయిదేళ్లు ఎక్కడా తెగకుండా ప్రీమియం కట్టి, పోర్టబిలిటీ కింద మరో కంపెనీకి మారారు. పద్నాలుగో నెలలో గుండెకు స్టెంటు వేయవలసివచ్చింది. పాత బీమాలో ఒక్క సంవత్సరానికే రుజువు ఉన్నదనీ, మూడేళ్ల నిరీక్షణ కాలం పూర్తికాలేదనీ కొత్త కంపెనీ తేల్చింది. తక్కిన నాలుగేళ్ల కాగితాలు ఏజెంటు దగ్గర ఉండేవి. ఆ ఏజెంటు కరోనాలో పోయాడు.

పాఠకులారా, కాస్త నిదానించి ఆలోచించండి. అయిదేళ్లు సొమ్ము పుచ్చుకున్నది కంపెనీ. దానికి లెక్క రాసుకున్నదీ కంపెనీయే. లెక్క చూపవలసివచ్చేసరికి మాత్రం ఆసుపత్రి మంచం మీదున్న మనిషి బీరువా వెతికించుకోవాలట!

సమాచారం దొరకదనే సాకు ఇక్కడ చెల్లదు. మన దేశంలో ఆరోగ్య బీమా పోర్టబిలిటీ 2011 అక్టోబరు నుంచి అమలులో ఉంది. కొత్త కంపెనీ పాత కంపెనీని అడగడానికి ఇన్సూరెన్స్ ఇన్ఫర్మేషన్ బ్యూరో వారి పోర్టల్ ఉంది. ఆ బ్యూరో ఉన్నది మన హైదరాబాదులోనే. అడిగిన 72 గంటల్లోగా పాత కంపెనీ వివరాలు పంపాలనీ, అవి అందిన 5 రోజుల్లోగా కొత్త కంపెనీ నిర్ణయం చెప్పాలనీ నియంత్రణ సంస్థ 2024 మే నెలలో ఆదేశించింది. పాత రోగాలకు నిరీక్షణ 36 నెలలకు మించరాదు; పాత బీమాలో గడిచిన కాలాన్ని అందులోంచి తీసివేయాలి. ఇన్ని ఏర్పాట్లు ఉండగా రోగినే కాగితం అడగడం ఎవరికి లాభం? పోయిన ప్రతి కాగితమూ కంపెనీకి మిగులే.

అమెరికా ఆరోగ్య బీమాను మెచ్చుకునేవాణ్ణి కాను నేను. అయినా 1996 నాటి హిపా చట్టం ఒక న్యాయం పాటించింది. మనిషి ఒక బీమా నుంచి బయటికి వచ్చినప్పుడు, ఇన్నాళ్లు ఇతనికి బీమా ఉన్నదని ఉచితంగా ధ్రువపత్రం ఇచ్చే బాధ్యతను పాత బీమా నడిపినవారిపైనే పెట్టింది. 2014లో అక్కడ పాత రోగాల మినహాయింపే రద్దయింది. పత్రంతో అవసరమూ తీరింది. మనకు మినహాయింపు ఉంది, పత్రం మాత్రం లేదు. ప్రతి బీమా సంస్థా అడగకుండానే అటువంటి పత్రం ఇచ్చితీరాలని నియమం రావాలి.

మా వైద్యుల పాపమూ కొంత ఉందని ఒప్పుకోవాలి. కేసు షీటులో "చాలాకాలంగా బీపీ" అని తొందరలో గిలికే ఒక్క ముక్క రోగి మెడకు ఉరి అవుతుంది. నేనూ ఎన్నోసార్లు అలా రాశాను.

ఆ నియమం వచ్చేదాకా మీ జాగ్రత్త మీదే. ఏటా వచ్చే పాలసీ షెడ్యూలును, పేర్లూ తేదీలూ బీమా మొత్తమూ ఉన్న పుటతో సహా, మీ దగ్గరే ఉంచుకోండి, ఏజెంటుకు వదలకండి. మారదలచినవారు రెన్యూవల్ తేదీకి కనీసం 45 రోజుల ముందే దరఖాస్తు చేయండి. కొత్త కంపెనీ ఒప్పుకున్నట్టు రాతపూర్వకంగా తెలిసేదాకా పాతదాన్ని ముగియనీయకండి. కొత్త పాలసీ చేతికి రాగానే, పాత బీమా ఎన్నేళ్లు లెక్కలోకి వచ్చిందో చూడండి. మా కిరాణా వ్యాపారి చూడలేదు. పద్నాలుగు నెలలూ ఆ తప్పు ఆయన బీరువాలోనే ఉంది. బీమా మొత్తం పెంచుకుంటే, పెరిగిన భాగానికి నిరీక్షణ మళ్లీ మొదలవుతుందని కూడా గుర్తుంచుకోండి.

సంవత్సరాల వారీగా ధ్రువీకరణ ఇమ్మని పాత కంపెనీ ఫిర్యాదుల అధికారికి ఆయన చేత ఉత్తరం రాయించాను. దాని నకలు జతచేసి కొత్త కంపెనీకి మరో ఉత్తరం పంపించాను. 30 రోజుల్లో పరిష్కారం కాకపోతే హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయానికి వెళతాం. అక్కడ రుసుము లేదు, వకీలు అక్కరలేదు. ఈరోజుకు పద్దెనిమిదో రోజు.